గీతల్లేని ఆకాశం

షూటింగు ఉన్నా లేకపోయినా ఆదివారం పొద్దున్నే ద్వారకానాథ్ లెన్సు తుడుస్తాడు. పాత పంచె చింపిన మెత్తటి గుడ్డతో, మధ్యనుంచి అంచులకి, గుండ్రంగా. సిడ్నీ శివార్లలో, ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఆయన గరాజే ఆయన స్టూడియో. ఒక పక్క వాషింగ్ మెషీన్, ఒక పక్క బియ్యం బస్తాలు. యాభై దాటిన మనిషి. ట్రైపాడ్ మోసి మోసి కుడి భుజం కిందికి జారింది. సిడ్నీ తెలుగువాళ్ళ గృహప్రవేశాలూ బారసాలలూ ఎన్నిటినో వీడియో తీశాడు. ఒక్కరైనా "ఇది ద్వారకానాథ్ తీసిందండీ" అని గొప్పగా చెప్పుకున్న పాపాన పోలేదు.

చెప్పుకునేదంతా శివప్రసాద్ గురించే. ఆ పేరు వింటే చాలు, ద్వారకానాథ్‌కి ఒళ్ళు మండుతుంది. నిన్నగాక మొన్న స్టూడెంట్‌గా వచ్చి వీడియోలు మొదలెట్టినవాడు! వచ్చీరాగానే అందరికంటే ముందు టెన్ బిట్‌కి మారాడు. పాత ఎయిట్ బిట్ వీడియోలో రంగులకి మెట్లు తక్కువ. సాయంకాలపు ఆకాశం తీస్తే ఎరుపు నీలంలోకి దిగేచోట గీతలు గీతలుగా కనిపిస్తుంది. టెన్ బిట్‌లో మెట్లు మరీ సన్నం, గీతలుండవు. ఒకసారి శివప్రసాద్ లాప్‌టాప్‌లో అలాంటి ఆకాశం చూసి, ఆ రాత్రి ద్వారకానాథ్ అన్నం సహించక లేచిపోయాడు.

ఆ తరవాత రౌస్ హిల్ నుంచి సృజన ఫోన్ చేసింది, కూతురు తన్మయి ఓణీల ఫంక్షన్‌కి. "శివప్రసాద్ గారు ఆ వీకెండ్ ఫ్రీగా లేరంట అంకుల్, అందుకని మీకు చేశా." నోరు "దానిదేముందమ్మా" అంది. కడుపు మాత్రం భగ్గుమంది. వారం తిరక్కుండా కొత్త టెన్ బిట్ కెమెరా కొన్నాడు.

"కెమెరా కొంటే చల్లారుతుందా మీ కడుపుమంట?" అంది భార్య కౌసల్య.

చల్లారుతుందనే ఆయన నమ్మకం. ఫంక్షన్ రోజు పెరటి లాన్‌లో తన్మయిని నడిపించుకొస్తుంటే వెనక పొద్దుగుంకే ఆకాశాన్ని పట్టుకున్నాడు. ఎడిటింగ్ అయ్యాక టెన్ బిట్‌లోనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. తగ్గించి ఇవ్వడమా? శివప్రసాద్ తగ్గిస్తాడా? ఒక్కసారి, ఒక్కరి నోట "శివప్రసాద్ కంటే బావుంది" అన్న మాట వింటే చాలు ఆయనకి.

ఫంక్షన్ వీడియో చేతికొచ్చాక దగ్గరివాళ్ళని భోజనానికి పిలిచి అందరితో కలిసి చూడటం ఇక్కడ అలవాటు. ఇవాళ రౌస్ హిల్‌లో అదే. హాలు నిండా జనం. ముందు వరసలో సృజన అత్తగారు శారదాంబ, కళ్ళజోడు తుడుచుకుని సిద్ధంగా ఉంది. వెనక, పులిహోర ప్లేటుతో, శివప్రసాద్. వీణ్ణెవరు పిలిచారు అనుకున్నాడు ద్వారకానాథ్. రానీ, చూసి ఏడవనీ!

పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టాడు. సన్నాయి మోగింది. డోలు మోగింది. బొమ్మ రాలేదు.

"రేడియో పెట్టావేంటి నాయనా?" అంది శారదాంబ.

"ఇట్స్ జస్ట్ బ్లాక్, అమ్మా," అంది తన్మయి.

తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ సన్నాయే. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చెవులు వేడెక్కాయి.

శివప్రసాద్ చెయ్యి కడుక్కుని వచ్చాడు. "టెన్ బిట్‌లో ఇచ్చావా అన్నా? ఈ టీవీ తీసుకోదు. నేను టీవీకి ఎప్పుడూ ఎయిట్ బిట్ కాపీనే ఇస్తా."

ఎయిట్ బిట్టా! అయితే ఇన్నాళ్ళూ వీళ్ళందరూ నోరు తెరుచుకుని మెచ్చుకున్నది గీతల ఆకాశాన్నేనా?

శివప్రసాద్ కారులోంచి లాప్‌టాప్ తెచ్చి, కేబుల్‌తో టీవీకి కలిపాడు. అందులో ఉన్న ప్లేయర్ దేన్నైనా ఆడిస్తుంది. ఆడించింది. హాలంతా ఆహా అంది. "శివప్రసాద్ గారి చెయ్యి పడితే ఇంక చెప్పాలా!" అన్నాడు ఎవరో పెద్దమనిషి. తీసిన మనిషి గోడకి ఆనుకుని పళ్ళు నూరుకున్నాడు.

వీడియో అయిపోయి జనం వంటింటి వైపు కదిలారు. శివప్రసాద్ కదల్లేదు. వెనక్కి జరిపి, ఆకాశం దగ్గర ఆపి, లాప్‌టాప్‌కి ముక్కు తగిలేంత దగ్గరగా వంగి చూశాడు.

"నాకెప్పుడూ ఇంత నున్నగా రాలేదన్నా," అన్నాడు మెల్లిగా. "నిజంగా కుళ్ళొస్తోంది నాకు."

ద్వారకానాథ్ "ఊఁ" అన్నాడు. వెళ్ళి పెరుగన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఏళ్ళ తరవాత తిన్నది తిన్నట్టు ఒంటబట్టింది. చెయ్యి కడుక్కుంటుంటే, వాడితో నాలుగు మాటలు మాట్లాడదాం, ఆ టీవీ కాపీ ఎలా చేస్తాడో అడుగుదాం అనిపించింది.

"శివప్రసాద్ ఏడమ్మా?"

"ఇప్పుడే వెళ్ళారు అంకుల్, ప్యాకింగ్ ఉందిగా. రేపే పెర్త్‌కి ఫ్లైట్. వాళ్ళావిడకి అక్కడ హాస్పిటల్లో జాబ్. మీకు చెప్పలేదా? కెమెరాలు కూడా అమ్మేశారు, ఇంక వీడియోలు చెయ్యరంట." సృజన నవ్వింది. "ఇకనుంచి ఫంక్షన్లన్నీ మీవే అంకుల్!"

ఇన్నేళ్ళూ ఆయన దేవుణ్ణి కోరుకున్నది సరిగ్గా ఇదే. గబగబా గుమ్మం దాకా వెళ్ళాడు. డ్రైవ్‌వేలో కారు లేదు.

తిరిగొచ్చి శారదాంబ పక్కన కూర్చున్నాడు. "వెనకాల ఆకాశం ఎలా ఉంది పిన్నిగారూ?"

"ఆకాశమా? అదెక్కడుంది నాయనా? పూలజడ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది."

ఎదురుగా టీవీ నల్లగా ఉంది. లాప్‌టాప్ తీసుకెళ్ళినవాడు మరిచిపోయిన కేబుల్ దాని వెనకనుంచి నేల దాకా వేలాడుతోంది, రెండో కొస దేనికీ తగలకుండా.