లోపల వదిలిన గుడ్డ

నేను ఒక దర్జీ కత్తెరను. నన్ను చూసి మీరు భయపడనక్కర్లేదు, భయమంతా నాకే. వేరు చేయడానికే పుట్టాను. ఇన్నేళ్ల బతుకులో ఏ రెండింటినీ కలిపిన పుణ్యం నాకు లేదు. ఆ పుణ్యం సూదిది. ఎవరైనా చెప్పుల్లో కాళ్లు పెట్టి గడప దాటుతుంటే నా మరమేకు వదులైనట్టు అనిపిస్తుంది. మళ్లీ వస్తారో రారో అని.

మీరట్‌లో పాత లారీ కమానుపట్టీని కొలిమిలో కాల్చి, సాగగొట్టి నన్ను చేశారు. రెండు రెక్కలకు ఇత్తడి పిడులు తొడిగి, నడుమ ఒక మరమేకు బిగించారు. అప్పటి నుంచి ఆ రెండూ ఒకదాని వీపు మీద ఒకటి వాలి బతుకుతున్నాయి. వాటి మధ్యకు ఏది వచ్చినా రెండయిపోతుంది. కావాలని చేసేది కాదు.

చీరాలలో సుబ్బరాయుడు మేస్త్రి నన్ను కొన్నాడు. దర్జీల ఇళ్లలో మాకు కొన్ని మర్యాదలు ఉన్నాయి. గుడ్డ తప్ప ఇంకేదీ మాతో కోయకూడదు. కాగితం అసలే కోయకూడదు, పదును చచ్చిపోతుంది. ఉత్తినే టకటకలాడించకూడదు, ఇంట్లో గొడవలొస్తాయి. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు, ఎడబాటు వస్తుంది. మేస్త్రికి చూపు మందగించాక, తన దగ్గర పని నేర్చుకున్న సిలార్‌కు నన్ను అప్పగించాలనుకున్నాడు. చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు. సిలార్ బల్ల మీది నుంచే తీసుకున్నాడు. అంత జాగ్రత్తపడినా ఆ ఏడాది తిరక్కుండానే మేస్త్రి పోయాడు. మనుషుల జాగ్రత్తలు చూస్తే నాకు నవ్వు రాదు, జాలేస్తుంది.

సిలార్ ఇల్లూ కొట్టూ ఒకటే. ముందుగదిలో మిషను, పొడవాటి కటింగు బల్ల, నన్ను తగిలించే మేకు. వెనక గదిలో భార్య మాబున్నీ, కూతురు రిజ్వానా. ఆ పిల్ల డాక్టరవుతానని చిన్నప్పటి నుంచీ అనేది. సిలార్ దాన్ని పక్కాగా నమ్మాడు. ఎంత నమ్మాడంటే, పిల్లకు బొత్తాం కుట్టడం కూడా నేర్పలేదు. చేతికి తగిలిన దారప్పోగు తెంపుకోవడానికి ఆమె నా మీద చెయ్యి వేస్తే చాలు, "దాన్ని ముట్టుకోబాక. నీ చేతిలో ఉండాల్సింది అది కాదు" అనేవాడు.

రిజ్వానా ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా మాబున్నీకి కామెర్లు ముదిరాయి. మెడికల్ ప్రవేశపరీక్షకు వారం ముందు ఆమె వెళ్లిపోయింది. రిజ్వానా పరీక్ష రాసింది గానీ, ఏం రాసిందో ఆమెకే తెలియదు. సీటు రాలేదు. డిగ్రీలో జంతుశాస్త్రం చదివి, ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరింది. ఇక అంతేలే అని నేనూ అనుకున్నాను.

ఒక సాయంత్రం సిలార్ పరికిణీ గుడ్డ కోస్తున్నాడు. బడి నుంచి వచ్చిన రిజ్వానా బల్ల పక్కన నిలబడి, మెల్లగా చెప్పింది.

"నాయనా, డాక్టరు పరీక్ష మళ్లీ రాస్తా. డిగ్రీ అయినోళ్లు గూడా రాయొచ్చంట."

సిలార్ చెయ్యి ఆగింది. పనితెలిసిన దర్జీ గుడ్డ మధ్యలో కత్తెర ఆపడు. ఆపితే అంచు మీద గంటు పడుతుంది. ఆ రోజు పడింది.

"ఇప్పుడెందుకమ్మా? ఉద్యోగం జేస్తన్నావు గదా."

"అమ్మకి లోపల ఏమైందో నాకు ఇప్పటికీ తెలవదు నాయనా. డాక్టర్లు ఏందో చెప్పారు, మనం తలకాయ ఊపాం. అంతే."

సిలార్ గంటు పడిన చోటు నుంచే సర్ది కోయడం ముగించి, గుడ్డలన్నీ బల్ల ఒక కొసకు జరిపాడు. రెండో కొస ఆమె పుస్తకాలకు ఇచ్చాడు. ఇంతకాలం జాకెట్టు ముక్కలు చూసిన నేను ఆ రోజు నుంచి కప్ప బొమ్మలు, మూత్రపిండాల బొమ్మలు, ఎర్రరంగు నీలిరంగు వేసిన గుండె బొమ్మలు చూశాను. అన్నీ నిలువుగా కోసి చూపించినవే. కోయకుండా లోపలున్నది తెలియదు కాబోలు అనుకున్నాను.

ఇరవై నాలుగేళ్ల డిగ్రీ పిల్ల ఇంటర్ పుస్తకాలు ముందేసుకుని కూర్చోవడం సందులో వాళ్లకు వింతయిపోయింది. ఎదురింటి శేషారత్నం జాకెట్టు ఇవ్వడానికి వచ్చి, ఆ పుస్తకాల వంక అదోలా చూసింది.

"ఏం సిలారూ, మీ అమ్మాయి డిగ్రీ పాసయిందన్నావు. ఇదేంది, ఇంటర్ తప్పిందా?"

"లేదక్కా. కుదరని జాకెట్టు కుట్లు విప్పి మళ్లీ కుట్టమా? ఇదీ ఆ బాపతే."

"నువ్వు నాకు కుదిరేటట్టు కుట్టిందెప్పుడులే" అని శేషారత్నం నవ్వుకుంటూ వెళ్లింది. రిజ్వానా తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. కోచింగులో చేరిన మొదటి రోజు ఆమె లోపలికి రాగానే పిల్లలంతా మేడమ్ వచ్చిందనుకుని లేచి నిలబడ్డారట. ఆమె వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాక ఒక్కొక్కరే కూర్చున్నారట. ఇది తండ్రికి చెప్పి తనే నవ్వింది. సిలార్ కూడా నవ్వి, తరువాత మిషను మీద వంగి చాలాసేపు దారం ఎక్కించాడు.

పరీక్ష దగ్గరపడింది. పొడుగు చేతులు ఉండకూడదు, పెద్ద బొత్తాలు ఉండకూడదు, మెడలో చేతికి ఏమీ ఉండకూడదు అని కోచింగులో చెప్పారు. సిలార్ లేత నీలం చుడీదారు కుట్టాడు. అంత శ్రద్ధగా నాతో అతను కోసిన గుడ్డ ఇంకొకటి లేదు. రిజ్వానా బడికి వెళ్లిన సమయం చూసి, పెట్టెలోంచి ఒక చిన్న వెండి తాయెత్తు తీశాడు. మాబున్నీ మెడలో ఉండేది. మెడలో వద్దన్నారు, చేతికి వద్దన్నారు. మడత సంగతి ఎవరూ చెప్పలేదు. చుడీదారు కింది అంచు మడతలో దాన్ని పెట్టి, బయటికి కుట్టు కనపడకుండా మూసేశాడు. దర్జీ తప్ప ఇంకెవరూ చేయలేని పని. చేసి, ఆ అంచును కళ్లకు అద్దుకున్నాడు. కూతురికి చెప్పలేదు.

పరీక్ష రాసి వచ్చిన రిజ్వానా పేపరు కష్టంగా వచ్చిందని చెప్పి, ముఖం కడుక్కోవడానికి వెళ్లింది. ఏం జరిగిందో నాకు చాలా కాలం తరువాత తెలిసింది, ఆమె ఒక స్నేహితురాలికి చెబుతుంటే. గేటు దగ్గర యంత్రం కూతపెట్టింది. మళ్లీ మళ్లీ పెట్టింది. వెనక వరస ఆగిపోయింది. ఆడ పోలీసు ఆమెను పక్కకు తీసుకెళ్లి, వెతికి వెతికి, చివరికి బ్లేడుతో అంచు చీల్చింది. అరచేతిలో పడ్డది చూసేదాకా అందులో అమ్మ తాయెత్తు ఉందని రిజ్వానాకు తెలియదు. దాన్ని అందరి చెవిపోగులతో పాటు అక్కడి బల్ల మీద వదిలి లోపలికి వెళ్లమన్నారు. వెళ్లింది. ప్రశ్నలు కనపడలేదు, అమ్మే కనపడింది. బయటికి వచ్చేసరికి ఆ బల్ల మీద ఏమీ లేదు. ఎవరి వస్తువులతో కలిసిపోయిందో, ఎక్కడ పడిందో. ఒక తల్లిని రెండుసార్లు పోగొట్టుకున్న పిల్ల ఇంటికి వచ్చి పేపరు కష్టమని చెప్పింది.

రెండు రోజులయ్యాక ఆ చుడీదారుకు ఇస్త్రీ చేద్దామని సిలార్ బల్ల మీద పరిచాడు. అంచు తిప్పి చూశాడు. మీకు అది ఒక చిరుగు. అతనికి అది జరిగిన సంగతి మొత్తం. ఇది కత్తెర కోత కాదు, బ్లేడు కోత. వణికే చేతులతో కాదు, చిరాకులో చీల్చింది. లోపల ఏమీ లేదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, మిషను ముందు కూర్చుండిపోయాడు. సాయంత్రానికి ఆ అంచు మళ్లీ కుట్టేసి, మడిచి, ఆమె మంచం మీద పెట్టాడు. ఆమె మడత విప్పి చూసుకుంది. అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ ఇంట్లో ప్రేమంటే అడక్కపోవడమే. దానివల్ల ఎంత నష్టమో నాకు అప్పటికి తెలియదు.

సీటు రాలేదు. రిజ్వానా బడి మానేసి మళ్లీ పుస్తకాల ముందు కూర్చుంది.

ఆ శీతాకాలం సిలార్ తెల్లగుడ్డ తెచ్చి బల్ల మీద పరిచాడు. కూతురి కొలతలు అతనికి కంటిపాపలో ఉంటాయి, అయినా టేపు పెట్టి మళ్లీ కొలిచాడు. డాక్టరు కోటుకు సుద్దబిళ్లతో గీతలు గీసి, నాతో ముక్కలు కోశాడు. పక్క కుట్ల దగ్గర మామూలుగా వదిలేదానికంటే ఎక్కువ గుడ్డ వదిలాడు.

"అంత గుడ్డ లోపలెందుకు నాయనా?"

"డాక్టర్లు కూర్చుని కూర్చుని లావైపోతారమ్మా. అప్పుడు విప్పి వదులు జేసుకోవచ్చు."

రిజ్వానా నవ్వి, ఇంకా సీటే రాలేదని గుర్తుచేసింది. అందుకే కుట్టడం లేదన్నాడు. కోయడం తన పని, కుట్టడం సీటొచ్చిన రోజు పని. ముక్కలన్నీ మూటగట్టి బీరువాలో పెట్టాడు.

ఎండలు ముదిరే కాలానికి మిషను చప్పుడు మందగించింది. రిజ్వానా బల్ల కొసన కూర్చుని గుండె పాఠం పైకి వల్లె వేసేది. చెడు రక్తం ఎటు నుంచి వస్తుంది, మంచి రక్తం ఎటు పోతుంది, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది. ఆ పాఠానికి చేతికందే దూరంలో సిలార్ ఆయాసపడుతూ మిషను తొక్కేవాడు. ఒకసారి ఆమె విని తల ఎత్తింది కూడా. "ఎండలు గదమ్మా" అన్నాడు. ఆమె మళ్లీ పుస్తకంలోకి వంగింది. ఆమె తప్పేముంది, పరీక్షలో అడిగేది గుండె గురించి, నాయన గురించి కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె కోచింగుకు వెళ్లాక సిలార్ మిషను వెనక కూర్చుని నన్ను మేకు మీది నుంచి తీశాడు. ఒళ్లో గుడ్డ లేదు. తన రబ్బరు చెప్పు ఉంది. పాదాలు వాచిపోయి చెప్పులు పట్టడం లేదు. గుడ్డ తప్ప ఇంకేదీ నాకు చూపించని మనిషి నాతో చెప్పు పట్టీ కోశాడు. నా అంచుకు రబ్బరు జిగురులా అంటుకుంది. తడిగుడ్డతో తుడిచి, ఎప్పటిలాగే మేకుకు తగిలించాడు. పాదాలు మిషను కిందికి జరుపుకున్నాడు. నాకు నోరుంటే అరిచి ఉండేదాన్ని. నోరులాంటిది ఉంది గానీ, అది కోయడానికే పనికొస్తుంది.

ఈసారి పరీక్ష నుంచి రిజ్వానా వెలిగిపోతూ వచ్చింది. బాగా రాశానని చెప్పింది. సిలార్ ఆమె అన్నం తినేదాకా ఆగాడు.

"అమ్మాయ్, రేపు ఆసుపత్రికి పోదామా?"

"ఎవరికి నాయనా?"

"నాకే."

ఆమె అప్పుడు వంగి అతని పాదాలు చూసింది. వేలితో నొక్కింది. గుంట పడి, అలాగే ఉండిపోయింది. వెంటనే ఆటో పిలిపించింది. అతను ఒట్టి కాళ్లతో ఎక్కాడు. ఎక్కేముందు బల్ల వైపు, నా వైపు ఒకసారి చూశాడనుకుంటాను. లేదా అది నా ఆశ కావచ్చు. మళ్లీ ఆ గడపలోకి నడిచి రాలేదు.

అన్నీ అయ్యాక, చుట్టాలు వెళ్లాక, రిజ్వానా మిషను కింద చెప్పులు చూసింది. తీసి కోసిన చోటు వేలితో తడిమింది. ఒక్క గంటు లేని నున్నటి కోత. అలా కోసేది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. ఆమె చెప్పు వంకా, మేకుకు వేలాడుతున్న నా వంకా మార్చి మార్చి చూసింది. కోత పాతబడి దుమ్ము పట్టి ఉంది. పరీక్షకు ఎంతో ముందే కోసిందని ఆమెకు తెలిసిపోయింది. తండ్రి అంచును చదివినట్టే కూతురు పట్టీని చదివింది. ఆ రోజు ఆమె ఏడ్చిన ఏడుపు నేను మీకు చెప్పను.

చివరి విడతలో సీటు వచ్చింది, సీమలో ఎక్కడో. వెళ్లనంది. పక్కనున్న గుండెజబ్బు కనపడని దానికి డాక్టరు చదువెందుకంది. శేషారత్నం బీరువా తెరిచి మూట తీసి ఆమె ఒళ్లో పడేసింది.

"మరి దీన్ని ఏం జేస్తావు? నీ కొలతలకి కోసింది ఇంకెవురికి పట్టిద్దే?"

వేరే దర్జీతో కుట్టిస్తానని కూడా శేషారత్నమే అంది. రిజ్వానా ఒప్పుకోలేదు. మొదటిసారి నన్ను మేకు మీది నుంచి తనే తీసుకుంది. సిలార్ బొటనవేలు అరగదీసిన పిడిలో ఆమె వేలు వదులుగా తిరిగింది. మిషనుకు దారం ఎక్కించడం శేషారత్నం చూపించింది. కుట్టు పాములా పోయింది. విప్పింది, మళ్లీ కుట్టింది. కాలరు ఒకవైపుకు వాలింది. చివరికి పక్క కుట్ల లోపల ఆ మిగులు గుడ్డ ఎబ్బెట్టుగా కనపడింది. పని రాని వాళ్లెవరైనా దాన్ని కత్తిరించేస్తారు. ఆమె నా రెక్కలు తెరిచి దాని దాకా తెచ్చింది. కాసేపు అలాగే పట్టుకుంది. తరువాత చప్పుడు కాకుండా మూసి, నన్ను బల్ల మీద పెట్టింది.

ఇప్పుడు నేను ఆమె హాస్టలు గదిలో, సొరుగులో ఉంటున్నాను. ప్లాస్టరు కోస్తాను, పాల ప్యాకెట్లు కోస్తాను, కాగితాలు కూడా కోస్తాను. పదును పోయింది. సాన పట్టేవాడు ఈ వైపు రాడు. తనకంటే చిన్నవాళ్లంతా ఆమెను అక్కా అంటారు. వార్డులో ఏ మంచం దగ్గరికెళ్లినా ముందు దుప్పటి తీసి పాదాలు చూస్తుందట. గదిలోని పిల్లలు దానికి ఆటపట్టిస్తారు. ఆమె నవ్వుతుంది, కారణం చెప్పదు.

మొన్న కోటు బొత్తాలు పట్టడం లేదని ఆమె సొరుగు తెరిచింది. కోటు తిరగేసి, పక్క కుట్టు మీద నన్ను పెట్టి, ఒక్కొక్క పోగూ తెంపించింది. లోపలి గుడ్డ బయటికి వచ్చింది. ఉతికి ఉతికి మిగతా కోటు పాత రంగులోకి వచ్చింది గానీ, ఆ చార మాత్రం సిలార్ బల్ల మీద పరిచిన రోజంత తెల్లగా ఉంది. కొత్త కుట్టు ఈసారి కొంచెం తిన్నగానే పోయింది. తొడుక్కుని, అద్దం ముందు నిలబడి, ఆ తెల్లచార మీద చెయ్యి వేసుకుని, "లావైపోయా నాయనా" అంది.

నేను కోసిన చోట ఏదైనా రెండు కావాలి. ఆ రోజు ఒక్కటే మిగిలింది, కొంచెం వెడల్పయి.