వెనక్కి పిలిచిన వ్యాసం

నేను ఒక పరిశోధన వ్యాసాన్ని. ఎనిమిది పేజీలు, నాలుగు గ్రాఫులు, చివర చీమలబారులాంటి ఆధారాల పట్టిక. మీరు నన్ను చదివి ఉండరు. ఏమీ అనుకోకండి, నన్ను మెచ్చుకున్నవాళ్ళలోనే చాలామంది చదవలేదు.

నన్ను కన్నది డాక్టర్ గొర్లె హైమవతి. ఉద్దానం వైపు పిల్ల. కిడ్నీ జబ్బుతో మేనమామను పోగొట్టుకుంది. తరువాత విశాఖపట్నంలో ఒక పరిశోధన సంస్థలో చేరి, కిడ్నీల మీదే పని పెట్టుకుంది. కీళ్ళనొప్పులకు తయారవుతున్న ఒక కొత్త మందు కిడ్నీ కణాలకు హాని చెయ్యదని నా చేత చెప్పించింది. రెండు పత్రికలు నన్ను గుమ్మంలోంచే సాగనంపాయి. మూడో పత్రిక, మొహం చూపించని పరీక్షకుల చేత నానా ప్రశ్నలూ వేయించి, చివరికి అచ్చు వేసింది. ఆవిడ పేరు మొదట, విభాగాధిపతి సర్వేశంగారి పేరు చివర. ఆయన నన్ను చూడనైనా చూడలేదు. శుభలేఖలో పెద్దల పేర్లు వేస్తాం కదా, ఇదీ అలాంటి మర్యాదే.

ఒక వ్యాసం ఇంకో వ్యాసాన్ని పేరుపెట్టి ఆధారంగా చూపితే దాన్ని సైటేషన్ అంటారు. మా లోకంలో పరువైనా పరపతైనా అదే. మొదట్లో నన్ను పలకరించిన దిక్కు లేదు. తరువాత ఎవరో జర్మనీ ఆయన ఉదహరించాడు. ఆయన్ని చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు. గొర్రెదాటు అంటారే, అచ్చం అదే. హైమవతి రాసిన మిగతా వ్యాసాలన్నీ కలిపినా నాకొచ్చిన సైటేషన్లలో సగం రాలేదు. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆవిడ కంప్యూటర్లో నా అంకె చూసుకునేది. కాకిపిల్ల కాకికి ముద్దు. నాకూ గర్వంగానే ఉండేది, దాచడం దేనికి.

ఇంతలో ప్రొఫెసర్ పదవికి ఇంటర్వ్యూ దగ్గరపడింది. ఎంపిక సంఘం ముందుగా చూసేది సైటేషన్లే కనుక ఆవిడ ఆశంతా నా మీదే. సరిగ్గా అప్పుడే, ఆవిడ పంపిన మరో కొత్త వ్యాసాన్ని చూసి, వాడిన కణాలు ఏ రకానివో పరీక్ష చేయించి చెప్పమని ఒక పత్రిక అడిగింది.

ఇక్కడ మావాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. కణాలు కొనాలంటే ఖరీదు, తెప్పించాలంటే ఆలస్యం. అందుకని తోడుకి పక్కింట్లో గరిటెడు పెరుగు అడిగినట్టు, పక్క ల్యాబులో ఒక సీసా అడిగి తెచ్చుకుంటారు. పోషిస్తే అవి పెరుగుతూనే ఉంటాయి. తోడు ఏ పాలదని ఎవరడుగుతారు? సీసా మీద కిడ్నీ అని రాసి ఉంది, హైమవతి నమ్మింది. ఇప్పుడు పరీక్షలో అవి కిడ్నీ కణాలు కావని తేలింది. ఎప్పుడో ఏ ల్యాబులోనో ఒక మొండిరకం క్యాన్సర్ కణాలు అందులో చొరబడి, అసలువాటిని మిగలనివ్వలేదు. నేను పుట్టిందీ ఆ కణాల నుంచే. అంటే ఇన్నేళ్ళూ నేను కిడ్నీల గురించి ఒక్క ముక్కా చెప్పలేదన్నమాట.

హైమవతి నన్ను ఉదహరించినవాళ్ళ జాబితా మొదటినుంచీ చదివింది. తరువాత ఆ ఫలితం పట్టుకుని సర్వేశంగారి గదికి వెళ్ళింది.

"ఆ పేపర్ని వెనక్కి తీసుకోవాలి సార్. మీ సంతకం కూడా కావాలి."

"ఇంటర్వ్యూ అయ్యేక చూద్దాంలేమ్మా. ఇన్నాళ్ళూ ఎవరైనా అడిగారేటి?"

"ఆ మందుని కీళ్ళనొప్పులున్న కిడ్నీ రోగుల మీద వాడి చూస్తారట సార్. ఆధారం మన పేపరే చూపించారు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నిజం చెప్పాలంటే నేనది చదవలేదమ్మా."

"తెలుసు సార్. ఇప్పుడు చదవండి."

ఆయన చదివారు. సంతకం పెట్టారు.

నా ప్రతి పేజీ మీదా అడ్డంగా, ఉపసంహరించాం అని ఎర్రటి అక్షరాలు పడ్డాయి. రోగుల మీద ప్రయోగం మొదలుకాకముందే ఆగిపోయింది. నాకు మాత్రం సైటేషన్లు ఆగలేదు. ఎర్రక్షరాలు కనపడాలంటే నన్ను తెరవాలి కదా. నా దిగులు వేరే. మావాళ్ళు పేరు చెడ్డ వ్యాసాన్ని తమ వ్యాసాల జాబితాలోంచి చడీచప్పుడు లేకుండా తీసేస్తారు. ఆవిడా తీసేస్తే నేను ఎవరికీ ఏమీ కానిదాన్నవుతాను.

ఇంటర్వ్యూలో ఒక పెద్దావిడ జాబితా చూస్తూ ఆగింది. "ఇది ఉపసంహరించినది కదమ్మా. లెక్కలోకి రాదు. ఎందుకు ఉంచారు?"

"రాసింది నేనే కదండీ," అంది హైమవతి. ఆ మాట విన్నాక ఇంక నన్ను ఎవరేమన్నా బాధ లేదనిపించింది.

పదవి వేరొకరికి వెళ్ళింది. హైమవతి ఈసారి కణాలు కొని, పరీక్ష చేయించి, నాలోని ప్రయోగాన్నే మొదటినుంచీ మళ్ళీ చేసింది. ఆ మందు కిడ్నీ కణాలను చంపింది.

ఆ సంగతి చెప్పే వ్యాసం నాకు చెల్లెలు. చిన్నది, నాలుగు పేజీలు. దాన్ని ఇంతవరకూ ఎవరూ ఉదహరించలేదు. ఆ మందు ఏ రోగి ఒంట్లోకీ వెళ్ళలేదు కనుక, నా చెల్లెలిని తలుచుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు.