పొడుగు సరే, వెడల్పేది?

ఒకప్పుడు కోదాడ చుట్టుపక్కల మత్తయ్య కుట్టిన చెప్పు తొడగని రైతు లేడు. నలభై ఏళ్లు తోలు కోసిన చేతులవి. మనిషి నడిచి వస్తుంటే చాలు, ఏ కాలు పెద్దదో, ఏ మడమ ముందు అరుగుతుందో చెప్పేసేవాడు. డెబ్బై రెండేళ్లు వచ్చి కుట్టడం మానేశాడు గానీ, మనుషుల కాళ్ల మీద చూపు మాత్రం మానలేదు.

అందుకే మనుమరాలు కరుణకు చక్రాల బూట్లు కొన్న రోజు ఆయన మాటే చెల్లింది. కరుణకు పదమూడేళ్లు. బళ్లో స్కేటింగ్ హాకీ ఆడుతుంది. సిమెంటు నేల మీద చక్రాల బూట్లతో జారుతూ కర్రతో బంతిని కొట్టే ఆట అది. మిర్యాలగూడ దుకాణంలో ఐదో నంబరు పక్కల బిగుతుగా ఉందని ఆరు తొడిగించి, ముందు భాగం బొటనవేలితో నొక్కి చూశాడు మత్తయ్య.

"బొటనేలంత సందు ఉండాలె. ఎదిగే పిల్ల. గిదే ఇయ్యి" అన్నాడు.

కొడుకు నరేందర్ డబ్బులు తీసి ఇచ్చాడు. ఆ ఇంట్లో కాళ్ల సంగతి వస్తే ముసలాయన మాటే ఆఖరు.

వారం తిరగలేదు. శుక్రవారం సాయంత్రం కరుణ కుంటుకుంటూ ఇంటికొచ్చింది. మడమలు రెండూ ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. ఆదివారం సూర్యాపేటలో జిల్లా జట్టుకు ఎంపిక పోటీ.

"మలుపు కాడ కాలు తిరుగుతుంది గని బూటు తిరుగుతలేదు తాతా. మూడుసార్లు పడ్డ. గిట్లనే పడితే ఆదివారం ఆడనియ్యనన్నది ఆట నేర్పే శ్రీలత మేడం."

"ముందర జర దూది పెట్టుకో బిడ్డా" అన్నాడు నరేందర్.

"పెట్టిన నాయినా. అది ముద్దయి కాలేళ్ల కిందికొచ్చింది."

మత్తయ్య మనుమరాలి పాదాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ పుండును ఆయన ఇంతకుముందు చూశాడు, కానీ మనిషి కాలి మీద కాదు. చెప్పులతో పాటు ఎద్దుల మెడలకు తోలు పట్టెడలు కూడా కుట్టేవాడు. బిగుతు పట్టెడను ఎద్దు ఎలాగో ఓర్చుకుంటుంది. వదులుది అడుగడుగునా కదిలి మెడను కొరుక్కు తింటుంది.

పాదాన్ని మెల్లగా కింద పెట్టాడు. తర్వాత ఒక్కొక్క మాటే అన్నాడు. "చెప్పు నడిచేటందుకు. దానికి సందు కావాలె. గిది నడిచేది కాదురా, కాలికి కట్టేది. నేను చెప్పు లెక్కనే సూసిన. తప్పు నాది."

నరేందర్ నోరు తెరిచాడు. "అమ్మా! గిట్ల రా, నాయిన తప్పంటున్నడు!"

వంటింట్లోంచి ముత్తమ్మ తల బయటపెట్టింది. "పెండ్లయిన కాడికెంచి గా మాట కోసమే సూస్తున్న. కేలండర్ల తారీఖు రాసి పెట్టు."

"రాస్కోండ్రి" అన్నాడు మత్తయ్య, నవ్వకుండానే. "రేపు పొద్దుగాల మిర్యాలగూడ పోవాలె. పిల్ల కాలికి సరిపోయేది ఏడనో ఉంటది. నేను తీస్త."

శనివారం తాత, తండ్రి, కరుణ ముగ్గురూ హుజూర్‌నగర్ మీదుగా బస్సులో వెళ్లారు. దుకాణం ధర్మేందర్ పాత బూట్లను తిప్పి చూసి ముఖం ముడుచుకున్నాడు.

"చక్రాలు నడిచినయి గద తాతా, ఎట్ల మార్చాలె?"

"నాలుగు రోజులే నడిచినయి. నువ్వే సూడు, గీత పడ్డదా? ఐదు నంబరు తియ్యి."

ఐదు మళ్లీ పక్కల నొక్కింది. "సూసిన్రు గద, ఆరే కావాలె" అన్నాడు ధర్మేందర్.

"పొట్ట కాడ బిగుతైన అంగీకి చేతులు పొడుగు పెడ్తవా నువ్వు?" అన్నాడు మత్తయ్య. "ఒక తెల్ల కాయితం ఇయ్యి. పెన్సిలు గూడ."

కరుణ బల్ల మీద కూర్చోబోయింది.

"కూసోకు బిడ్డా. కూసుంటే పాదం అబద్ధం చెప్తది. నిలబడి బరువంత దాని మీద వెయ్యి."

పాదం చుట్టూ గీత గీశాడు. ఐదో నంబరు బూటు లోపలి మెత్తను బయటికి లాగి ఆ బొమ్మ మీద పరిచాడు. కొస కొసకు సరిపోయింది. మడమ దగ్గరా సరిపోయింది. వేళ్ల మొదట్లో మాత్రం రెండు పక్కలా కందిబద్దంత గీత బయటికి కనిపించింది.

"పొడుగు సరే, వెడల్పేది?"

ధర్మేందర్ కాగితాన్ని చూశాడు, బూటు వచ్చిన అట్టపెట్టెను చూశాడు. "నంబరు పక్కన వెడల్పుకు ఇంగ్లిష్ అక్షరం ఉంటది తాతా. దీని మీద డి ఉంది. రెండు పెట్టెల మీద డబుల్ ఈ అని ఉంది, కంపెనీవాళ్లే పంపిన్రు. ఎవ్వరూ అడుగరు, పైన పడేసిన."

"గదేందో నాకు తెల్వదు. గా పెట్టె దించు."

నిచ్చెనేసి దించాడు. దుమ్ము దులిపితే అదే ఐదు, కానీ ముందు భాగం వెడల్పు. మత్తయ్య తాళ్లన్నీ వదులు చేయించి, మడమను రెండుసార్లు నేలకు కొట్టించి వెనక్కి కూర్చోబెట్టాడు. అప్పుడు కింది నుంచి ఒక్కో వరుసా తాడు బిగించాడు.

"ఏళ్లు ముందర తగుల్తున్నయి తాతా."

"మోకాళ్లు వంచు, ఆటల వంచినట్టు."

కరుణ వంగింది. "ఇప్పుడు తగుల్తలేవ్."

మడమ వెనక వేలు దూర్చబోతే దూరలేదు. "ఏడనన్న కొరుకుతుందా?"

"లేదు. పట్టుకుంటుంది."

అలవాటు కొద్దీ మత్తయ్య బొటనవేలు బూటు ముందు భాగం మీదికి పోయింది. వెంటనే వెనక్కి తీసుకున్నాడు. ధర్మేందర్ పాత బూట్లను వాటి పెట్టెలో సర్దుకుని, వాటికి బదులు ఇవి ఇచ్చాడు.

"రెండేండ్లు వస్తయా నాయినా ఇవి?" అన్నాడు నరేందర్ మెల్లగా.

"ఆట రేపురా."

ఆదివారం సూర్యాపేట మైదానంలో నలభై మంది పిల్లలు. కరుణ మడమల పుండ్ల మీద మందు పట్టీలు వేసుకుని దిగింది. బంతిని కర్రతో తోసుకుంటూ వరసగా పెట్టిన డబ్బాల మధ్య తిరిగి, గీత దగ్గర ఆగాలి. మొదటి డబ్బా దగ్గర కాలు తిరిగింది, బూటూ తిరిగింది. నాలుగో డబ్బా దాటాక బంతి లాక్కోవడానికి వచ్చిన ఒక పొడుగుపిల్ల భుజంతో ఢీకొట్టింది. కరుణ అల్లాడింది గానీ పడలేదు. గీతకు జానెడు ఇవతల బూట్లు అడ్డం తిప్పి ఆగింది.

మధ్యాహ్నం జట్టుకు ఎంపికైనవాళ్ల పేర్లు చదివారు. ఐదో పేరు కరుణది. నరేందర్ వేసిన కేకకు పక్కవాళ్లు తిరిగి చూశారు.

మత్తయ్య కేక వెయ్యలేదు. మనుమరాలి ముందు గొంతుకూర్చుని తాళ్లు విప్పాడు, మేజోడు లాగాడు. పట్టీ వేసినచోటే ఉంది. చుట్టూ కొత్త ఎరుపు లేదు.

"ఇగ మళ్ల కట్టుకో బిడ్డా" అన్నాడు. "జిల్లా జట్టు ఆట ఎప్పుడంట?"