పడదంటే

జానకీబాయికి ఈ లోకంలో పడేది ఏదైనా ఉందా అని కోడలు ఆమనికి ఎప్పటినుంచో అనుమానం. మిక్సీ చప్పుడు పడదు. పక్కింటి అగరుబత్తి పొగ పడదు. వియ్యపురాలి నవ్వు పడదు. నువ్వులు పడవు అన్న మాట కూడా ఆ వరుసలోనే వచ్చేది కాబట్టి, డిగ్రీలో జంతుశాస్త్రం చదివిన ఆమని దానికి వియ్యపురాలి నవ్వుకిచ్చినంత విలువే ఇచ్చింది.

పోయినేడు మంచిర్యాలలో పెళ్లికి వెళ్లినప్పుడు నువ్వుల లడ్డు తిని జానకీబాయికి దమ్ము లేచింది, ఒళ్లంతా దద్దుర్లు తేలాయి. నలుగురిలో గొడవెందుకని ఆస్తమా పంపు పీల్చుకుని పడుకుంది. మర్నాడు సాయంత్రం రక్తపరీక్షలు చేయిస్తే అన్నీ మామూలుగానే ఉన్నాయి.

"చూసినవా, ఏం లేదు. అవ్వకు నచ్చనిదల్లా పడదు," అన్నాడు కొడుకు విద్యాధర్.

ఆ ధైర్యంతోనే మొన్న ఆదివారం ఆమని బగారా వంకాయ మసాలాలో నువ్వులు వేయించి నూరి కలిపింది. అవి లేకుండా అది ఉత్త వంకాయ కూరే అని ఆమె అభిప్రాయం. అత్తగారు తిని మెచ్చుకున్నాక చెప్పి, ఆమె మొహం ఎట్లా మారుతుందో చూడాలని చిన్న సరదా.

జానకీబాయి మెచ్చుకుంది. మారు వేయించుకుంది. కాసేపటికి గొంతు గీరుకుంటూ, "ఆమనీ, జర ఫ్యాన్ పెంచు బిడ్డా," అంది.

ఫ్యాన్ అప్పటికే జోరుగా తిరుగుతోంది. పెదవులు ఉబ్బాయి. పంపు పీల్చినా ఛాతీలో పిల్లికూతలు ఆగలేదు. విద్యాధర్ కారు బయటికి తీసేలోపు ఆమె కళ్లు తేలేసింది.

కరీంనగర్ వీధుల్లో అన్ని స్పీడు బ్రేకర్లున్నాయని ఆమనికి ఆ రోజే తెలిసింది. ఆసుపత్రిలో ముందు తొడకు ఇంజక్షన్ పొడిచారు, ఆక్సిజన్ పెట్టారు, మనిషి కాస్త తెరిపిన పడ్డాక రక్తం తీశారు.

ఆ రక్తం రిపోర్టు వచ్చేసరికి జానకీబాయి మంచం మీద కూర్చుని, ఆసుపత్రి ఇడ్లీని తిట్టుకుంటూ తింటోంది.

"రక్తంల ట్రిప్టేజ్ అనే ఎంజైమ్ బాగా పెరిగింది," అంది డాక్టర్ ప్రజ్ఞ. "మన ఒంట్ల మాస్ట్ కణాలని కాపలా కణాలుంటయి. పడనిది లోపలికొస్తే సంచులు విప్పి ఉన్నదంతా కుమ్మరిస్తయి. గీ ఎంజైమ్ అందులోదే. రక్తంల కొన్ని గంటలే ఉంటది. పోయినసారి మీరు మర్నాడు పోయిన్రు, అప్పటికే దిగిపోయి ఉంటది. ఒక్కోసారి టైముకు తీసినా పెరగదు. పెరగలేదంటే ఏం కాలేదని కాదు."

ఆ కణం బొమ్మకు ఆమని కాలేజీలో రంగులు కూడా దిద్దింది. మార్కులూ బాగానే వచ్చాయి.

"దేనితోని అయిందో గందుల రాస్తదా?" అడిగాడు విద్యాధర్.

"రాయదు. రియాక్షన్ అయిందని చెప్తది, దేనితోనో చెప్పదు. అది మీరే చెప్పాలె. అసలే ఆస్తమా మనిషి. ఇంకోసారి గిట్లయితే ఇక్కడిదాక రాకపోవచ్చు."

ఆమని నేలవైపు చూసింది. రిపోర్టు తనను పట్టివ్వదు. పట్టివ్వగలిగింది తన నోరొక్కటే.

"వంకాయనే కావచ్చు," అంది జానకీబాయి. "పిల్లనేం అనకున్రి. మంచిగ వండింది పాపం, నేనే ఆశకు పోయి ఎక్కువ తిన్న. ఇగ వంకాయ ముట్ట."

విద్యాధర్ తేలిగ్గా ఊపిరి వదిలి తల్లి భుజం తట్టాడు. "గన్నేండ్ల సంది నువ్వులను ఉత్తగనే బద్నాం చేసినవ్ గదనే అవ్వా. దొంగ దొరికింది. ఇంటికి పోయినంక నువ్వుల ముద్ద తెచ్చిస్త, తిను."

వంకాయకే ఇట్లా అయిందనుకున్నాక జానకీబాయికీ తన పాత మాట మీద నమ్మకం తగ్గినట్టుంది. "అంతే కావచ్చు తియ్. చిన్నప్పుడైతే మస్తు ఇష్టముండె నాకు."

"వద్దు," అంది ఆమని.

ముగ్గురూ ఆమె వైపు చూశారు.

"వంకాయ కాదు అత్తమ్మా. మసాలల నువ్వులు నూరి ఏసిన. మీకు చెప్పలే. పడవు అంటే ఇష్టం లేదంటున్రు అనుకున్న. మీరు చెప్పిందే నిజం. నాదే తప్పు."