మూడో ఆమోదం

"తౌఫీకన్నా, పలకలు బండికెక్కించుకో! మా బిల్డింగ్ డబ్బు వచ్చేస్తోంది!" అంటూ నజ్లా సోలార్ కొట్టులోకి దూసుకొచ్చింది.

తౌఫీక్ తలెత్తాడు. "ఎక్కడికి? డబ్బు వేయాల్సిన అడ్రస్ నేనింకా పంపలేదుగా చెల్లీ."

"పొద్దున మెసేజ్ పెట్టావుగా!"

"అయ్యో! నిన్నటి నుంచి నా నంబరు ఎవడో దొంగ చేతిలో ఉందమ్మా!"

నజ్లా ఫోన్ బయటకు లాగింది. బీరూట్‌లో బ్యాంకులు జనం డాలర్లను బిగబట్టి కూర్చున్నప్పటి నుంచి ఆమె ఉండే భవనంలో బ్యాంకు పేరెత్తితే కొట్టినంత పని చేస్తారు. అందుకే సోలార్ చందాలను అందరూ మెట్ల మీద కూర్చుని, చేతులెత్తి ఓటేసి, బ్యాంకుతో పనిలేని క్రిప్టో డబ్బులోకి మార్చారు. ఐదుగురిని ఎన్నుకున్నారు. వారిలో ముగ్గురు తమ ఫోన్లలో సరేనంటేనే డబ్బు కదులుతుంది. దాన్ని ఏ మేనేజరూ ఆపలేడు. కదిలాక ఎవరూ వెనక్కీ తేలేరు.

పొద్దున మెసేజ్‌లో వచ్చిన అడ్రస్‌కు నజ్లా అప్పటికే సరేనంది. కింది వాటా హయాత్ సరేనంది. మిగతా ఇద్దరూ ఊళ్లో లేరు, ఇక మూడో ఆమోదానికి పై అంతస్తు ఇస్కందర్ ఒక్కడే మిగిలాడు. ప్రతిదానికీ అడ్డం పడే ఆ పెద్దాయనను తనే బతిమాలి ఒప్పించి వచ్చింది. కాఫీ తాగి నొక్కుతానన్నాడు.

ఆమె పరుగందుకుంటూనే ఫోన్ చేసింది. కట్ చేశాడు. మళ్లీ చేసింది. ఈసారి ఎత్తి, ఆమెను నోరు విప్పనివ్వకుండా అరిచాడు.

"ఏంటమ్మాయ్ నీ గోల! నొక్కుదామంటే నీ ఫోనే అడ్డమొస్తోంది! నొక్కమని పోరేదీ నువ్వే, నొక్కనివ్వందీ నువ్వే!"

ఠక్కున పెట్టేశాడు. నజ్లాకు ప్రాణం లేచొచ్చింది. ఫోన్ మోగుతున్నంతసేపూ ఆయన నొక్కలేడు!

కార్ల మధ్య నుంచి దూరుతూ, తిట్లు తింటూ, వేలు ఆపకుండా ఫోన్ చేస్తూనే పరుగెత్తింది. వీధి మలుపు తిరగ్గానే, బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న హయాత్ కనిపించింది.

"హయాత్! ఇస్కందర్ బాబాయికి ఫోన్ కొట్టు! కొడుతూనే ఉండు! అది దొంగ అడ్రస్!"

హయాత్ చేతిలోని దుప్పటి వీధిలో పడింది. పక్క బాల్కనీల వాళ్లూ ఫోన్లు తీశారు. నజ్లా మెట్లన్నీ ఎగబాకి తలుపు తోసేసరికి, ఎర్రబడ్డ మొహంతో ఇస్కందర్ ఆగకుండా మోగుతున్న ఫోన్‌ను విదిలిస్తున్నాడు. ఆమె దాన్ని లాక్కుని గోడకు చేరగిలబడింది. విషయం చెప్పింది.

పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. "బ్యాంకు నా డబ్బు మింగినప్పుడు, కనీసం గుమాస్తా కాలరైనా పట్టుకున్నా. ఇది పోతే ఎవడి కాలరు పట్టుకోవాలే?"

"నాదే, బాబాయ్. చూసుకోకుండా ముందు నొక్కింది నేనే."

"నీ మెడకు కాలరెక్కడిదే?" అని ఆయన పకపకా నవ్వాడు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ముందు ఆ దొంగ అడ్రస్‌కు పంపబోయినదాన్ని రద్దు చేశారు. మళ్లీ మెట్ల మీద సభ జరిగింది. ఇకపై పుచ్చుకునేవాడి మొహం చూశాకే నొక్కాలని అందరూ చేతులెత్తారు. కోటు తొడుక్కున్న ఇస్కందర్ ముందు నడవగా, భవనమంతా కొట్టుకు కదిలింది. తౌఫీక్ కొత్త ఫోన్‌లోంచి అడ్రస్‌ను ఒక్కో అక్షరమే చదివాడు. హయాత్ సరిచూసి నొక్కింది, నజ్లా నొక్కింది.

ఇస్కందర్ వేలు గాల్లో ఆపి అందరినీ కలియజూశాడు.

"ఎవరైనా ఫోన్ చేశారో, చంపేస్తా!"

నొక్కాడు. కాసేపటికి తౌఫీక్ ఫోన్ టింగుమంది. "వచ్చేసింది!" అని అతడు చేతులు పైకెత్తాడు. వీధి వీధంతా చప్పట్లతో మోగిపోయింది.