తలుపుల్లేని అరలు

కొత్త ఇంట్లో అన్నీ కుదిరాయి గానీ వంటింటి అరలకు తలుపులు పెట్టాలా వద్దా అన్న దగ్గర అత్తాకోడళ్లకు పేచీ వచ్చింది. వడ్రంగి అంజయ్య టేపు చేత్తో పట్టుకుని ఒకసారి పోశవ్వ మొహం, ఒకసారి సంగీత మొహం చూస్తూ నిలబడ్డాడు. ఇంటాయన రమేశ్ కోరుట్ల బజారులోని తన ఫ్లెక్సీల దుకాణానికి అప్పటికే జారుకున్నాడు. ఊళ్లో అందరి మొహాలూ గజాల లెక్కన అచ్చు వేసేవాడికి ఇంట్లో ఈ రెండు మొహాల మధ్య నిలబడే ధైర్యం లేదు మరి.

"తలుపులు వెట్టియ్యి," అంది పోశవ్వ. "ఇంట్ల ఏమున్నదో ఏం లేదో వచ్చినోళ్లందరికి ఎందుకు కనవడాలె?"

"గిప్పుడందరు ఓపెనే పెట్టుకుంటున్నరు అత్తమ్మా. అన్ని ఒక్క తీర్గ గాజు సీసలు, వరుసగ. ఎంత మంచిగున్నదో చూడు," అని సంగీత ఫోను ముందు పెట్టింది.

పోశవ్వ కళ్లు చికిలించి చూసింది. "గీళ్లు వండుకుంటరా, ఉత్తగ చూసుకుంటరా?"

అంజయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ నవ్వుతో సంగీతకు పంతం వచ్చింది. తలుపుల్లేకుండానే అరలు లేచాయి.

గెలిచింది సరే, తీరా సామాను ముందేసుకుని కూర్చుంటే ప్రాణం ఉసూరుమంది. పెళ్లికి వచ్చిన గిన్నెలు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ప్రతిదాని మీదా ఒక పేరు. ఆ వైపు ఎవరు ఏది పెట్టినా పేరు కొట్టించే పెడతారు. తర్వాత ఎప్పుడు ఆ ఇంటికి వచ్చినా, ఇచ్చిన మంచినీళ్లు తాగుతూనే తమ గిన్నె ఎక్కడుందా అని కళ్లతో వెతుక్కుంటారు. కనబడితే వాళ్ల మొహం విప్పారుతుంది. ఇదంతా సంగీతకు తెలియని సంగతి కాదు.

ఆ గిన్నెల కుప్పలో పాలు కాచుకునే సొట్టల ఇత్తడి గంజు ఒకటి ఉంది. అంచు కింద చుక్కలు చుక్కలుగా 'మంజుల' అని పేరు. మంజుల రమేశ్ అక్క. బుగ్గారంలో బీడీలు చుట్టి, కూడబెట్టుకుని తమ్ముడి పెళ్లికి కొనిచ్చింది. ఫోనులోని ఫొటోలో మాత్రం ఇలాంటి గంజుకు చోటు లేదు.

పాత గిన్నెలు కోరుట్లలో మారిస్తే ఎవరైనా చూస్తారని సంగీత పెద్ద తెలివే చేసింది. సిరిసిల్లలో తల్లిగారింటికి పోతున్నానని చెప్పి, మూట కట్టుకుని జగిత్యాల పోయింది. అక్కడ ఒక సామాన్ల దుకాణంలో పాతవన్నీ ఇచ్చేసి గాజు సీసాలు తెచ్చుకుంది. మా అమ్మ కొనిచ్చింది అని అత్తకు చెప్పేటప్పుడు నాలుక తడబడనైనా లేదు.

గృహప్రవేశం నాడు వంటిల్లు ఆడవాళ్లతో నిండిపోయింది. సీసాల్లో పప్పులు, అటుకులు, ఎండుమిరపకాయలు. అందరూ బాగుంది బాగుంది అంటున్నారు. అంటూనే అరల వెంట కళ్లు పోనిస్తున్నారు. ఎవరి కళ్లు దేని కోసం పోతున్నాయో సంగీతకు అర్థమవుతూనే ఉంది. ఇంటి నిండా మనుషులున్నా ఒంటి మీద బట్ట లేనట్టు సిగ్గుగా ఉంది ఆమెకు.

ఇంతలో పోశవ్వ వచ్చింది. "పాలు పొంగిచ్చేది ఆడిబిడ్డ గదా. మంజుల పెట్టిన గంజు తియ్యి, దాంట్లనే పొంగియ్యాలె."

సంగీత వంగి గట్టు కిందంతా తడిమింది. లేనిదాన్ని అంతసేపు వెతకడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. "పాతింట్ల ఉన్నదేమో," అని గొణిగింది. వెనక ఎవరో నవ్వారు. ముందు వరుసలోనే మంజుల చేతిసంచి పట్టుకుని నిలబడి ఉంది.

"ఏడ ఎతుకుతున్నవ్ సంగీతా? గది నా తాన్నే ఉన్నదాయె," అంది మంజుల. "బతుకమ్మప్పుడు నేను కొంచవోలేదా? మర్చిపోయినవా?"

సంచిలోంచి గంజు తీసింది. చింతపండుతో తోమినట్టుంది, తళతళలాడుతోంది.

పాలు పొంగాయి. మంజుల తప్ప అందరూ సంతోషంగా పక్కగదిలోకి నడిచారు. వాళ్లలో ఒక్కరికీ ఏమీ తెలియదు. సంగీత గంజు కడుగుతూ తిరగేసింది. అడుగున దుకాణం వాడు నల్ల మార్కరుతో వేసిన తూకం గుర్తు ఇంకా సగం మిగిలే ఉంది.

"జగిత్యాల్ల బస్సు మారేటప్పుడు, నీకు కొత్తదేమన్న తీసుకుందామని దుకాణంల జొర్రిన," అంది మంజుల నెమ్మదిగా. "పాత సామాన్ల నడుమ కనవడ్డది."

"వదినె..." సంగీత గంజును గట్టు మీద పెట్టింది. "మల్ల కొన్నవా?"

"నా పేరున్నది గదా. ఇంకెవలింట్లనో ఉంటే మనసొప్పలేదు. అమ్మకు జెప్పకు, బాధపడ్తది."

తిట్టినా బాగుండేది. నలుగురిలో పరువు తీసినా ఏడ్చి ఊరుకునేది. మంజుల ఆ రెండూ చేయలేదు. గంజును తుడిచి, గాజు సీసాల పక్కన పెట్టి, పేరున్న వైపును గోడకు తిప్పి బయటికి పోయింది.

మర్నాడు ఆమే అంజయ్యకు ఫోను చేసింది, తలుపులు పెట్టించాలని. ఆ గంజు కంటపడకుంటే చాలు అనిపించింది. అంజయ్య వచ్చి టేపు తీశాడు.

"మొన్న వద్దంటివి గద చెల్లె. సరె, గా గంజు జర పక్కకు తియ్యి, కొలుస్త."

సంగీత గంజును రెండు చేతుల్లోకి తీసుకుంది. అంచు కింది చుక్కల మీద వేలు పోనిచ్చింది. తర్వాత దాన్ని తిప్పి, 'మంజుల' అన్న పేరు ఎదురుగా కనబడేటట్టు ఉన్నచోటనే పెట్టింది.

"వద్దన్నా, గిట్లనే ఉండనియ్యి. నిన్ను ఉత్తగ తిప్పలవెట్టిన, ఏమనుకోకు."

గుమ్మంలో నిలబడ్డ పోశవ్వకు ఇదేమీ అంతుపట్టలేదు. "మల్ల వద్దంటవేందే? ఇంట్లది అందరికి కనవడనియ్యాల్నా?"

"నాకు కనవడనియ్యి అత్తమ్మా," అంది సంగీత. ఆ తర్వాత పోశవ్వను కూర్చోబెట్టి, జగిత్యాల పోయిన సంగతి మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.