ఎదురుకాళ్ళ పుట్టుక

సౌభాగ్యమ్మ మినప్పప్పు రుబ్బుతుండగా అత్తగారు నాగేంద్రమ్మ వచ్చి, "వీధరుగు మీద నలుగురు కూర్చున్నారు. నీ కాలు ఖాళీయేనా?" అంది. చేతుల సంగతి ఆ ఇంట్లో ఎవరూ అడగరు.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తన్నితే నడుంపట్టు వదులుతుందని జగ్గయ్యపేటలో అందరి నమ్మకం. సౌభాగ్యమ్మ అలాగే పుట్టింది. ఆదివారం పొద్దున్నే రైతులూ, కొట్ల గుమాస్తాలూ వచ్చి బోర్లా పడుకుంటారు. ఆవిడ బొటనవేళ్ళతో వెన్నుపూసలు ఒక్కొక్కటే తడిమి, బిగుసుకున్నచోట అరచెయ్యి ఆన్చి, వాళ్ళు ఊపిరి వదిలే క్షణాన నొక్కుతుంది. టక్కుమంటుంది. అక్కడితో పని అయిపోయినట్టే. ఆ తరువాత లోకం కోసం ఎడమకాలు మూడుసార్లు తాకిస్తుంది. మగవాణ్ణి తన్నిన పాపం పోవాలని ప్రతివాళ్ళ కాళ్ళకీ వంగి దండం పెడుతుంది. వాళ్ళు "కాలి మహిమ" అంటూ వెళ్ళిపోతారు. వంగి వంగి ఆవిడ నడుమే పట్టేసింది. "ఊళ్ళో నడుములన్నీ బాగుచేస్తావు, నీకేం వచ్చిందే?" అని భర్త దశరథరామయ్య నవ్వుతాడు. తన వీపు తనకు అందదు కదా. ఈ నొక్కడం నేర్చింది పుట్టిల్లు వేదాద్రిలో, అమ్మ నడుం మీద. కాపరానికి వచ్చేరోజున అమ్మ, "ఇంకొక్కసారి నొక్కిపోవే" అంది. పొద్దుపోతోందని మామగారు బండి కదిలించారు. మళ్ళీ అమ్మ కనిపించలేదు.

సౌభాగ్యమ్మ పిండి చేతులు కడుక్కునేలోగా నందిగామ డాక్టరు వెంకటకృష్ణారావు కొడవలిలా వంగిపోయి బండి దిగాడు. స్వరాజ్యం వచ్చిన ఏడు ఈయనే, "చదువులేని ఆడది వెన్నెముక ముట్టుకుంటే మనిషి చచ్చుబడతాడు, మానిపించండి" అని కబురు పంపాడు. "చెయ్యి కాదండి, కాలే" అని దశరథరామయ్య తప్పించుకున్నాడు.

లోపల గదిలో పడుకోబెట్టి సౌభాగ్యమ్మ నొక్కింది. డాక్టరు నిటారుగా లేచి నిలబడ్డాడు.

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"నేర్చుకోవడమేముందండి, పుట్టుకతో వచ్చింది," అన్నాడు దశరథరామయ్య. "కాలు తాకించి, డాక్టరుగారికి దండం పెట్టవే."

"మా అమ్మ దగ్గర నేర్చుకున్నానండి," అంది సౌభాగ్యమ్మ. "చేతులతో."

"నెమ్మదిగా, అరుగు మీద జనం వింటారు," అంది నాగేంద్రమ్మ.

డాక్టరు చెప్పులు వెతుక్కున్నాడు.

సౌభాగ్యమ్మ అరుగు మీదికి వచ్చింది. "ఇవాళ్టి నుంచి కాలు పెట్టను, దండమూ పెట్టను. చేత్తో నొక్కించుకునేవాళ్ళు ఉండండి."

ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. నాలుగో మనిషి సాంబయ్యకి లేవడం చేతకాలేదు. సౌభాగ్యమ్మ అతని పక్కన కూర్చుని వీపు మీద అరచెయ్యి ఆన్చింది.

"ఊపిరి వదులు, బాబాయ్."